గుడ్డా, రెక్కా?

1988 సెప్టెంబర్ 7, బుధవారం. కాలిఫోర్నియాలోని సాన్‌డియాగో తీరం. పసిఫిక్ సముద్రం మీద రెండు పడవలు పందేనికి నిలబడ్డాయి. పక్కపక్కన చూస్తే రెండూ ఒకే పందేనికి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు.

ఒకటి న్యూజిలాండ్‌ది. పేరు కేజడ్ వన్. నీటిని ఒరుసుకునే గీత దగ్గర కొలిస్తేనే 90 అడుగులు. పైన 40 మంది దాకా మనుషులు. మెడ వెనక్కి వాల్చి చూస్తే గాని కొస కనపడని కొయ్య, దాని నిండా గుడ్డ. రెండోది అమెరికా వాళ్ల ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్’. 60 అడుగుల సన్నటి దోనెలు రెంటిని ఎడంగా పెట్టి దూలాలతో జత కట్టినట్టు ఉంటుంది. మనుషులు పది మందికి మించరు. ప్రధాన తెరచాప ఉండాల్సిన చోట గుడ్డ లేదు. విమానం రెక్కను ఊడదీసి నిట్టనిలువుగా పాతినట్టు ఒక గట్టి రెక్క ఉంది.

గాలి తేలిగ్గా వీస్తోంది. 20 సముద్రపు మైళ్లు గాలికి ఎదురు, మళ్లీ 20 మైళ్లు గాలివాటు. మూడు పందేల్లో రెండు గెలిచినవాళ్లదే అమెరికా కప్.

అమెరికా పడవ చుక్కాని డెన్నిస్ కానర్ చేతిలో ఉంది. ఊళ్లో అతనిది కర్టెన్ల వ్యాపారం. బతుకంతా గుడ్డతో గడిపిన మనిషి ఆ రోజు గుడ్డను కాదని రెక్కను నమ్ముకుని వచ్చాడు. ఆ పడవ మీద ఏ తెరచాప నిలబెట్టాలి, ఎంతది నిలబెట్టాలి అని తేల్చుకున్న నాడే పందెం సగం తేలిపోయింది. ఈ కథ ఆ తేల్చుకోవడం గురించి.

తమిళనాడులోని మా రాజపాళయం నుంచి సముద్రం చూడాలంటే వంద కిలోమీటర్లకు పైనే పోవాలి. ఇక్కడ కూర్చుని పడవ పందెం కథ రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి గుడ్డ, రెండోది గాలి.

విజయనగరం కాలంలో దక్షిణానికి వచ్చిన రాజు కులస్థుల ఇళ్లలో తెలుగు ఇప్పటికీ వినిపించే ఊరు ఇది. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్లు పెట్టారు. అప్పటినుంచి ఈ ఊరి బతుకు నూలుపోగుకు ముడిపడింది. పక్కనున్న ఛత్రపట్టిలో నేసిన బ్యాండేజీ గుడ్డ ఆస్పత్రులకు పోతుంది. ఇక గాలి. పడమటి కనుమలు సెంగోట్టై దగ్గర కొంచెం తగ్గి దారిస్తాయి. నైరుతి గాలి ఆ సందులో దూరి ఇటు దిగుతుంది. ఆడి మాసపు గాలికి నూరుడు రాయి కూడా జరుగుతుందని తమిళ సామెత. తెన్‌కాశి వైపు వెళ్తే పొలాల మధ్య గాలిమరలు వరసగా తిరుగుతూ కనిపిస్తాయి. ఆ మర రెక్కను ఒక్కదాన్ని తీసి నిలబెడితే దాదాపు కానర్ పడవ మీది రెక్కే. ముందు మందం, వెనక పలచన.

బ్యాండేజీ గుడ్డ నేసే ఒక పెద్దాయనకు న్యూజిలాండ్ పడవ ఫొటో చూపించి, ఇంత గుడ్డ ఎత్తినా పడవ ఎందుకు గెలవలేదు అని అడిగాను. ఆయన జేబు రుమాలు తీసి నా చేతికిచ్చాడు.

“పొడుగునా లాగు అబ్బాయీ. సాగిందా? లేదు. అది పడుగు. అడ్డంగా లాగు. కొంచెం ఇచ్చింది. అది పేక. ఇప్పుడు ఐమూలగా లాగు.”

రుమాలు వంకర తిరిగి సాగిపోయింది.

“గాలి పడుగేదో పేకేదో చూసుకుని కొడుతుందా?” అన్నాడు.

తెరచాపలు కుట్టేవాళ్లు తరతరాలుగా కుస్తీ పట్టింది ఈ ఒక్క సంగతితోనే. తెరచాప గాలిని ఆపే తడిక కాదు. పొట్ట ఉన్న ఒక వంపు. గాలి ఆ వంపును రెండు వైపులా ఒరుసుకుంటూ పోతేనే పడవ ముందుకు నడుస్తుంది. గుడ్డ ఐమూలగా సాగిందంటే పొట్ట వెనక్కి జారుతుంది. పడవను ముందుకు లాగాల్సిన బలం పక్కకు తోయడం మొదలెడుతుంది. 1851లో ఇంగ్లండ్ దగ్గర వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ‘అమెరికా’ అనే పడవ బ్రిటిష్ పడవలన్నిటినీ ఓడించింది. ఆ కప్పుకు ఆ పడవ పేరే నిలిచింది. ఆ గెలుపులో వంపుతిరిగిన ముందు భాగానికి ఎంత పాత్ర ఉందో గుడ్డకూ అంత ఉంది. బ్రిటిష్ వాళ్లవి అవిసెనార తెరచాపలు, వదులు నేత. అమెరికన్లవి మరమగ్గం మీద బిగించి నేసిన పత్తి తెరచాపలు. తేలిక గాలిలో నార తెరచాపల్ని నీళ్లతో తడిపేవాళ్లు. తడిస్తే పోగు ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి. బిగి నేత పత్తికి ఆ తంటా తక్కువ. నూలు మిల్లుల ఊరివాణ్ని కాబట్టి ఈ ముక్క చదివిన రోజు నాకు కలిగిన ఆనందం దాచుకోలేను.

అసలు కథకు వస్తే, దాని మొదలు 1988లో లేదు. అంతకు 112 ఏళ్ల ముందుంది.

1876 జూన్. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా న్యూయార్క్ అఖాతంలో పడవ పందేలు పెట్టారు. చిన్న పడవల తరగతిలో ఆ రోజుల్లో రాజ్యమేలినవి ‘ఇసుక సంచుల పడవలు’. చిన్న పడవ, దానికి ఏ మాత్రం పొంతన లేని పెద్ద తెరచాప. ఆ గుడ్డ పడవను బోర్లా తిప్పేయకుండా జట్టు మనుషులు ఇసుక మూటలు మోసి గాలి వచ్చే వైపు పేర్చేవారు. పడవ మలుపు తిరిగిన ప్రతిసారీ మూటలన్నీ ఎత్తి రెండో వైపు వేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మనుషులూ మూటలూ నీళ్లలోనే.

వాటి మధ్యకు రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ నుంచి 28 ఏళ్ల ఇంజనీరు ఒకడు తన పడవ తానే నడుపుకుంటూ వచ్చాడు. నథానియల్ హెరెషాఫ్. ప్రావిడెన్స్‌లోని కార్లిస్ ఆవిరి ఇంజన్ల కంపెనీలో ఉద్యోగం. ప్రపంచమంతా ఎన్నో నూలు మిల్లుల్ని నడిపినవి ఆ కార్లిస్ ఇంజన్లే. అతని పడవ పేరు ‘అమరిల్లిస్’. పొడవు 25 అడుగులు. ఇసుక మూట ఒక్కటీ లేదు. సన్నటి దోనెలు రెండు, వాటిని కలుపుతూ కీలు మీద కదిలే జోడింపులు, మధ్య కూర్చోవడానికి చోటు.

మొదట గాలి చచ్చుగా ఉంది. అమరిల్లిస్ వెనకబడింది. తర్వాత గాలి లేచింది. ఇసుక సంచుల పడవల మీద మనుషులు మూటలతో గుంజాటన పడుతుండగా జంట దోనెల పడవ ఒక్కొక్కదాన్నే దాటుకుంటూ పోయి అందరికంటే ముందు గమ్యం చేరింది. దాని వెంటే ఫిర్యాదులు వచ్చాయి. ఇది పడవే కాదన్నారు, తమ తరగతిలో దీన్ని లెక్కలోకి తీసుకోకూడదన్నారు. నిర్వాహకులు ఆ గెలుపును కొట్టేశారు. ఆ తర్వాత చాలాకాలం క్లబ్బుల మామూలు పందేల్లో జంట దోనెలకు చోటు దొరకలేదు. హెరెషాఫ్ మాత్రం 1877 ఏప్రిల్ 10న తన కల్పనకు పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ పడవల జాతికి ‘కాటమరాన్’ అన్న పేరు స్థిరపడింది.

ఆ పేరు మనది. కట్టు, మరం. తమిళంలో మరం అంటే మనకు మాను. కట్టిన మాను. కోరమాండల్ తీరంలో జాలరులు దుంగలు కట్టి సముద్రం మీదికి తీసుకెళ్లేదాన్ని అక్కడివాళ్లు కాటమరాన్ అంటారని విలియం డాంపియర్ 1697లో అచ్చైన తన యాత్రా గ్రంథంలో రాశాడు. తెలుగులో అదే తెప్ప. అయితే జంట దోనెల పడవ మన తీరానిది కాదు, పసిఫిక్ దీవుల పాలినీషియన్లది. రూపం వాళ్లది, పేరు మనది, పేటెంటు హెరెషాఫ్‌ది.

ఆ రోజు అమరిల్లిస్ ఇసుక మూటలు లేకుండా ఎలా నిలబడిందో తెలిస్తే తెరచాప సైజు రహస్యం తెలిసినట్టే.

తెరచాప మీద గాలి చేసే బలం పడవను పక్కకు ఒరిగిస్తుంది. తెరచాప నడిమి బిందువు ఎంత ఎత్తులో ఉంటే ఆ ఒరిగించే బలానికి అంత పొడవు మీట దొరుకుతుంది. దాన్ని ఆపేది పడవ బరువు, ఆ బరువు నిలబడ్డ వెడల్పు. త్రాసు లాంటి లెక్క. ఒక వైపు గాలి బలం ఎత్తుతో గుణకారం, రెండో వైపు బరువు వెడల్పుతో గుణకారం. ఒంటి పడవ వెడల్పు తక్కువ కాబట్టి అడుగున సీసం మోయాలి, లేదా ఇసుక మూటలు మోయాలి. జంట దోనెల పడవ వెడల్పుతోనే ఆ పని చేసేస్తుంది. మోయని బరువంతా వేగంగా మారుతుంది.

ప్రపంచమంతా పందేల్లో తిరిగే హోబీ 16 అనే చిన్న జంట దోనెల పడవను తీసుకోండి. బరువు 145 కిలోలు, వెడల్పు 2.41 మీటర్లు, తెరచాపలు కలిపి సుమారు 20 చదరపు మీటర్లు. నడిపేది ఇద్దరు, ఇద్దరి బరువు కలిపి 130 కిలోలు అనుకుందాం. గాలి పెరిగితే ఇద్దరూ నడుముకు కొక్కెం తగిలించుకుని, కొయ్య పైనుంచి దిగే తీగలకు వేలాడుతూ, పాదాలు పడవ అంచున ఆనించి బయటికి వాలిపోతారు. అలా వాలినప్పుడు ఆ పడవ తట్టుకోగల పక్కబలం నేను వేసిన లెక్కలో సుమారు 140 కిలోలు. అంతకు మించి గాలి తోస్తే ఒక దోనె గాల్లోకి లేస్తుంది, తర్వాత పడవ తిరగబడుతుంది. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుందని మరిచిపోకూడదు. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో చాలీచాలని తెరచాప 36 కిలోమీటర్ల గాలిలో ప్రాణాంతకం.

మనుషుల బరువుతో గాలిని ఎదుర్కోవడం మన సముద్రానికి కొత్త కాదు. మద్రాసు మత్స్యశాఖ డైరెక్టర్‌గా పనిచేసిన జేమ్స్ హార్నెల్ పాక్ జలసంధి జాలరుల పద్ధతిని నమోదు చేశాడు. పడవకు అడ్డంగా పొడవైన పలక పెడతారు. గాలి పెరిగే కొద్దీ మనుషులు ఆ పలక మీద కొసకు నడిచి వెళ్తారు. రామనాథపురం జిల్లా తొండి వైపు తెరచాప పడవల పందేల్లో ఆ పలక మీద నిలబడ్డ కుర్రాళ్లను చూసినవాళ్లకు, హోబీ మీద తీగకు వేలాడే ఆటగాడు దూరపు చుట్టంలాగే కనిపిస్తాడు.

సైజు ఒక్కటే చాలదు. అదే తెరచాపను గాలిని బట్టి పది రకాలుగా అమర్చాలి. మధ్యరకం గాలిలో పొట్ట నిండుగా ఉండాలి. గాలి గట్టిపడితే ముందంచు మోకును కిందికి బిగించి, కొయ్యను కొంచెం వంచి, పొట్టను చదును చేయాలి. మరీ చచ్చు గాలిలో కూడా పొట్ట తగ్గించాలన్నది కొత్తవాళ్లు తెలుసుకోని సంగతి. బలం లేని గాలి లోతైన వంపును పట్టుకుని ప్రయాణించలేదు, మధ్యలోనే విడిపోతుంది. నీటి దగ్గర కంటే పైన గాలి వేగం ఎక్కువ, కాబట్టి తెరచాప పైభాగాన్ని కింది భాగం కంటే కొంచెం తెరిచి మెలి ఇవ్వాలి. ఈదురు వస్తే ఆ మెలిని ఇంకొంచెం పెంచి పైగాలిని జారవిడవాలి. పడవను పడదోసేది ముఖ్యంగా పైన పట్టిన గాలే. కొయ్యను వెనక్కి వాల్చడం మరో ఎత్తు. హోబీ లాంటి పడవల్లో గట్టి గాలికి దోనెల ముక్కులు నీళ్లలో దిగబడి పడవ పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. కొయ్య వెనక్కి వాలితే ఆ భయం కొంత తగ్గుతుంది.

ఇంత తెలిసిన హెరెషాఫ్ స్వయంగా 1903లో పెద్ద తెరచాప మోహంలోకి దిగాడు. అమెరికా కప్పు కాపాడటానికి అతను గీసిన ‘రిలయన్స్’ మీద ఒకే కొయ్యకు 16,000 చదరపు అడుగులకు పైగా గుడ్డ ఎగిరింది. గెలిచింది కూడా. కానీ ఆ ఒక్క ఋతువు పందేలకు తప్ప అది మరి దేనికీ పనికిరాలేదు. 1913లో విరిచి తుక్కు చేశారు.

ఇప్పుడు సాన్‌డియాగోకు తిరిగి వెళ్దాం.

1983లో 132 ఏళ్లుగా అమెరికా చేతిలో ఉన్న కప్పును ఆస్ట్రేలియాకు పోగొట్టుకున్న నాయకుడు ఇదే కానర్. 1987లో ఫ్రీమాంటిల్ వెళ్లి తిరిగి తెచ్చుకున్నాడు. ఆ సంబరం ఆరకముందే 1987 జూలైలో న్యూజిలాండ్ బ్యాంకర్ మైఖేల్ ఫే మెర్క్యురీ బే బోటింగ్ క్లబ్ తరఫున సవాలు విసిరాడు. కప్పు నిబంధనలున్న 1887 నాటి దానపత్రం ఒక కొయ్య ఉన్న పడవ నీటిగీత దగ్గర 90 అడుగుల వరకు ఉండొచ్చంటోంది, నేను అంత పెద్దదే తెస్తాను, మీరూ తెచ్చుకోండి అన్నాడు. కప్పు చేతిలో ఉన్న సాన్‌డియాగో యాట్ క్లబ్ కాదంది. న్యూయార్క్ కోర్టు సవాలు చెల్లుతుందని చెప్పింది.

కానర్ వర్గానికి మిగిలిన వ్యవధి కొన్ని నెలలు. ఎప్పటినుంచో తయారవుతున్న అంత పెద్ద ఒంటి పడవను అంత తక్కువ కాలంలో ఓడించే ఒంటి పడవ కట్టడం సాధ్యం కాదు. వాళ్లు దానపత్రాన్ని మళ్లీ చదివారు. కొయ్యల సంఖ్యను బట్టి పొడవుకు హద్దు ఉంది. దోనె ఒకటే ఉండాలని ఎక్కడా లేదు. 1988 జనవరిలో తాము కాటమరాన్‌తో దిగుతామని ప్రకటించారు.

పడవ సంగతి తేలింది, తెరచాప సంగతి తేలలేదు. జాన్ మార్షల్ నడిపిన రూపకర్తల బృందం దాన్ని ఊహతో తేల్చడానికి ఒప్పుకోలేదు. రెండు పడవలు కట్టించారు. ఒకదానికి గుడ్డ తెరచాప, రెండోదానికి రెక్క. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది. వ్యవధి లేని చోట, డబ్బు నీళ్లలా కారుతున్న చోట, వాళ్లు పరీక్షను మాత్రం తగ్గించుకోలేదు.

రెక్క ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. ‘చిన్న అమెరికా కప్’ అని పిలిచే మరో పోటీ 1961 నుంచి ఉంది. అందులో సి క్లాస్ జంట దోనెలు పందెం వేస్తాయి. నిబంధనలు మూడే. పొడవు 25 అడుగులు, వెడల్పు 14 అడుగులు, తెరచాప 300 చదరపు అడుగులు. మిగతాదంతా మీ ఇష్టం. సైజును కట్టేశారు, ఆకారాన్ని వదిలేశారు. గుడ్డ పెంచే దారి మూసుకుపోయినప్పుడు మేధ అంతా ఉన్న గుడ్డతో ఎంత పని చేయించాలన్న దాని మీద పడింది. 1966లో బ్రిటన్ ‘లేడీ హెల్మ్స్‌మన్’ కొయ్యనే చిన్న రెక్కగా మలిచి గెలిచింది. 1974లో ఆస్ట్రేలియా ‘మిస్ నైలెక్స్’ గట్టి రెక్కతో వచ్చింది. ఆ తర్వాత అమెరికా ‘పేషెంట్ లేడీ’ వరస పడవలు రెక్కతోనే ఏళ్ల తరబడి ఆ కప్పును అట్టే పెట్టుకున్నాయి. ఆ పడవలతో పండిపోయిన డేవ్ హబ్బర్డ్, డంకన్ మెక్‌లేన్ ఇప్పుడు కానర్ దగ్గరికి వచ్చారు. రెక్క వంపును విమానాల వంపులు గీసే జాన్ రాంజ్ చూశాడు. కట్టే పని మొహావీ ఎడారిలో బర్ట్ రూటన్ కంపెనీ స్కేల్డ్ కాంపోజిట్స్‌కు వెళ్లింది. 1986 డిసెంబర్‌లో ఎక్కడా దిగకుండా, నూనె పోయించుకోకుండా భూమిని చుట్టివచ్చిన ‘వాయేజర్’ విమానాన్ని గీసింది ఆ రూటనే. నీళ్లు లేని ఎడారిలో పడవ తెరచాప పుట్టింది.

కార్బన్ పోగుల అస్థిపంజరం, దాని మీద బిగించిన పలచని ప్లాస్టిక్ పొర. ముందు ఒక ముక్క, వెనక కదిలే ముక్క, మధ్య సన్నటి సందు. విమానం దిగేటప్పుడు రెక్క వెనక పలక కిందికి వంగడం కిటికీలోంచి చూసే ఉంటారు. ఇక్కడా అంతే. ఎంత వంపు కావాలంటే అంత, ఏ ఎత్తులో ఎంత మెలి కావాలంటే అంత. ఐమూలగా సాగడం లేదు. పెద్దాయన రుమాలు ఇక్కడ ఓడిపోయింది.

మరి గుడ్డ వైపు మాట్లాడేది ఏమీ లేదా? చాలా ఉంది. గుడ్డను దించొచ్చు, సగం మడిచి కట్టొచ్చు. చిరిగితే సముద్రం మీదే కుట్టొచ్చు. రెక్కను దించడం కుదరదు. రేవులో నిలబడ్డా గాలి దాన్ని ఊపుతూనే ఉంటుంది. ఎక్కించాలన్నా దించాలన్నా క్రేను కావాలి. ఈదురు వస్తే తగ్గించే సైజు అంటూ ఉండదు, వంపు తీసేసి గాలికి అంచు చూపించడం ఒక్కటే దారి. కాబట్టి ప్రశ్న ‘ఏది గొప్ప’ అన్నది కాదు. సెప్టెంబర్‌లో సాన్‌డియాగో దగ్గర పగటిపూట వీచే తేలికపాటి గాలిలో, కొన్ని గంటల పందేనికి, ఏది తగినది? పరీక్షకు కట్టించిన రెండు పడవలూ ఒకే నీళ్ల మీద పోటీ పడ్డాయి. రెక్క పడవ ముందుంది. కానర్ రెక్కనే ఎంచుకున్నాడు.

సెప్టెంబర్ 7న మొదటి పందెం జరిగింది. న్యూజిలాండ్ పడవ నిండు తెరచాపలతో, సీసం మోస్తూ, తన లెక్క ప్రకారం బాగానే నడిచింది. అది చెడ్డ పడవ కాదు. బ్రూస్ ఫార్ గీసిన ఆ పడవ ఒంటి పడవల్లో అప్పటికి ఎదురులేనిది. కానీ జంట దోనెల పడవ వేగం పెరిగే కొద్దీ తన గాలిని తానే పుట్టించుకుంటుంది. సైకిల్ తొక్కేవాడి మొహానికి గాలి కొట్టినట్టు, ఎటు తిరిగినా గాలి ముందువైపు నుంచే తగులుతుంది. అలాంటి గాలికి సన్నని గట్టి రెక్క సరిగ్గా సరిపోతుంది. 40 మైళ్లు ముగిసేసరికి తేడా 18 నిమిషాల 15 సెకన్లు.

సెప్టెంబర్ 9న రెండో పందెం, 39 మైళ్ల త్రికోణం. ఆ రోజు కానర్‌కు 46 ఏళ్లు నిండాయి. తేడా 21 నిమిషాల 10 సెకన్లు. ఇంకా వేగంగా పోగలిగి కూడా కావాలని నెమ్మదించారని ఫే వర్గం ఆరోపించింది.

పందెం ముగిసింది, తగువు ముగియలేదు. 1876లో వేసిన ప్రశ్నే కోర్టుకు వెళ్లింది. దీన్ని సాటి పడవ అనొచ్చా? 1989 మార్చిలో న్యాయమూర్తి కార్మెన్ సిపారిక్ కప్పును న్యూజిలాండ్‌కు ఇచ్చేయమంది. సెప్టెంబర్‌లో పై కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. 1990 ఏప్రిల్ 26న న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం అమెరికా పక్షానే నిలిచింది.

న్యాయమూర్తులు దానపత్రం అక్షరాన్ని చూశారు, అది వాళ్ల పని. ఆటగా చూస్తే అది సమాన పందెం కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే, పెద్ద తెరచాప తెచ్చినవాడి మీద తగిన తెరచాప తెచ్చినవాడు గెలిచాడని నేను అంటాను.

గుడ్డ తెరచాప కథ కూడా అక్కడితో ఆగలేదు. తర్వాతి రోజుల్లో సాహసి స్టీవ్ ఫాసెట్ ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్’ కొనుక్కుని గుడ్డ తెరచాపతోనే 1998లో షికాగో నుంచి మాకినాక్ దీవి పందేన్ని 18 గంటల 50 నిమిషాల్లో ముగించి రికార్డు పెట్టాడు. రాత్రి కూడా నడవాల్సిన, గాలివాన ఎప్పుడు లేస్తుందో తెలియని దారి అది. అక్కడ దించుకోగల గుడ్డే తగినది.

రెక్క మాత్రం పెరుగుతూ పోయింది. 2010 ఫిబ్రవరిలో వాలెన్సియా దగ్గర గుడ్డ తెరచాపల కాటమరాన్ ‘అలింగి 5’ను, 68 మీటర్ల ఎత్తు రెక్క ఉన్న మూడు దోనెల అమెరికా పడవ రెండు పందేల్లోనూ ఓడించింది. ఆ తర్వాత 2013 కప్పు పడవలన్నీ రెక్క కట్టిన కాటమరాన్లే. ఒక్కో రెక్క 40 మీటర్లు. 2013 మే 9న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో సాధన చేస్తుండగా అలాంటి పడవ ఒకటి విరిగి తిరగబడింది. 2008 ఒలింపిక్స్ బంగారు పతక విజేత ఆండ్రూ సింప్సన్ దాని కింద చిక్కుకుని చనిపోయాడు. రెక్కను దించలేమన్న మాట కాగితం మీద చదివినప్పుడు ఎంత చిన్నదిగా కనిపిస్తుంది!

మళ్లీ మన తెప్పల దగ్గరికి వస్తాను. కోరమాండల్ జాలరి దుంగల్ని తాళ్లతో కట్టి, మూడు మూలల తెరచాప ఎత్తి, ఒక తెడ్డునే చుక్కానిగా పట్టుకుని అలలు దాటేవాడు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఆరబెట్టేవాడు. నీరు పీల్చిన దుంగ బరువెక్కుతుందని, బరువెక్కితే అదే తెరచాపకు తెప్ప నడక మారుతుందని అతనికి ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఈ రోజు ఎంత గుడ్డ ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది గాలి వాసన చూసి తేల్చుకున్నాడు. తప్పితే కప్పు కాదు, కుటుంబం పోయేది. మోటార్లు వచ్చాయి. 2004 సునామీ తర్వాత ఫైబర్ పడవలు ఒడ్డంతా నిండాయి. తెరచాప తెప్పలు అరుదైపోయాయి.

కానర్ జట్టు వేసిన ప్రతి లెక్కా కాగితం మీద ఉంది. హెరెషాఫ్ పేటెంటు పటాలతో సహా ఉంది. ఈ జాతి పడవలకు పేరిచ్చినవాళ్ల లెక్క మాత్రం రాసిపెట్టినది చాలా తక్కువ. విశాఖ, భీమిలి, ఉప్పాడ తీరాల్లో, మన తెలుగు జాలరులు స్థిరపడ్డ పూరీలో, తెరచాప ఎత్తి తెప్ప నడిపిన తాత మీ ఇంట్లోనో మీ వాడలోనో ఉంటే ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూర్చోండి. ఏ గాలికి ఎంత గుడ్డ ఎత్తేవాడో, కొయ్యను ఎటు వాల్చేవాడో, ఏ మోకును ఏమని పిలిచేవాడో అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, ఆయన మాటల్లోనే కాగితం మీద పెట్టండి.